కోడి ప్లేటు

పెండ్లింటికి అందరికన్నా ముందు చేరేది మైకు సెట్టువాళ్ళం. పందిరి గుంజలు పాతకముందే మేము చెట్టెక్కి ఉంటాం. చివరికి మిగిలేదీ మేమే. అప్పగింతల ఏడుపులు అయిపోయి, కుక్కలు విస్తర్ల దగ్గర చేరాక వైర్లు చుట్టుకుంటాం. ఈ మధ్యలో జరిగేదాన్ని పెండ్లి అంటారు. దాన్ని నేను ఎన్నడూ కూర్చుని చూడలేదు.

నా పేరు సాయమ్మ. తాండూరులో మైకు సెట్టు నడిపాను. చదువు రాదు. అంకెలు తెలుసు, నా పేరు గీయడం తెలుసు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు స్వప్న రాస్తోంది. తనకు ఇప్పుడు సొంతంగా డీజే బండి ఉంది. తనలాంటి పిల్లలు ఈ పనిలోకి చాలామంది వస్తున్నారు. వాళ్ళకోసం చెబుతున్నాను. పర్మిషన్ల సంగతి, పోలీస్ స్టేషన్ల సంగతి చెప్పను. అవి ఎవరైనా చెబుతారు.

నా గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు. చెట్టు మీది మనిషికి కింద నుంచి "ఎడమకు తిప్పు, ఇంకా తిప్పు" అని అరిచి అరిచి వచ్చింది. అందరికీ మైకు పెట్టేవాళ్ళకు మైకు అందదు మరి.

నా పెండ్లిలో గొర్రెలు

మా పుట్టిల్లు దౌల్తాబాద్ దిక్కు. గొర్రెలు కాసుకునే ఇల్లు. నన్ను చేసుకున్న బాలప్ప తాండూరులో మైకు సెట్టు దుకాణంలో పనిచేసేవాడు. దుకాణం మహబూబ్ భాయిది. శిష్యుడి పెండ్లి కదా అని ఆయనే స్వయంగా సెట్టు తెచ్చి, మా ఇంటి ముందరి వేపచెట్టుకు హారన్ కట్టాడు. హారన్ అంటే ఉమ్మెత్త పువ్వులా నోరు తెరుచుకుని ఉండే పాత లౌడ్‌స్పీకర్. ఊరంతా వినాలని బాగా పైకి కట్టాడు. దాని మూతి మాత్రం మా గొర్రెల దొడ్డి దిక్కు పెట్టాడు.

టెస్టింగుకని ఒక ప్లేటు వేశాడు. ప్లేటు అంటే మిషన్ మీద తిరిగే నల్లటి గ్రామఫోన్ రికార్డు. మాటలు లేని బాజా. మొదట బాగానే ఉంది. నడుమ ఒకచోట కోడిని మెడ పట్టుకున్నట్టు "కొక్" అని వచ్చింది. అంతే. మంద మందంతా దొడ్డి కంప తొక్కుకుంటూ కందిచేలో పడింది. మా నాయన నెత్తి మీది కొత్త రుమాలు విప్పి నడుముకు చుట్టి వాటి వెనక ఉరికాడు. పెండ్లికి వచ్చిన మగవాళ్ళంతా ఆయన వెనక ఉరికారు.

అయ్యగారు ముహూర్తం దాటిపోతోందని మొత్తుకుంటే మా నాయన చేలోంచే అరిచాడు.

"గొర్లు దొరకనిది పిల్లనియ్య! గా మంత్రాలు జర ఆపుండ్రి!"

మహబూబ్ భాయి రెండు చెవులూ పట్టుకుని మా అమ్మ ముందు నిలబడ్డాడు. "మాఫ్ జెయ్యమ్మా. మనుషుల దిక్కే సూసిన. గొర్ల దిక్కు సూడలె."

"అది సరే గని భాయి, నీ మిషిన్లకు కోడి యాడికెల్లి వచ్చె? చెప్తే కోసి కూర వండుతం కదా" అంది మా అమ్మ.

నేను పసుపు బట్టల్లో తల వంచుకుని కూర్చుని ఉన్నాను. నవ్వుతో భుజాలు ఊగుతుంటే, ఏడుస్తున్నాననుకుని మా మేనత్త నా వీపు నిమిరింది. ఆ ప్లేటుతో నాకు మొదటి పరిచయం అట్లా అయింది. హారన్ కట్టేముందు దాని మూతి ముందు ఎవరున్నారో చూడాలన్న పాఠం కూడా అక్కడే దొరికింది. పాలిచ్చే బర్రెలు, పసిపిల్లలు, మంచం పట్టినవాళ్ళు. ఇప్పటికీ డీజే పెట్టెలు దించే పిల్లలకు నేను మొదట చెప్పేది అదే.

ఉస్తాద్

బాలప్ప ఎక్కువకాలం బతకలేదు. కామెర్లు వచ్చి పోయాడు. మా బావ వచ్చి, సామాను మూట కట్టుకుని పుట్టింటికి పొమ్మన్నాడు. అప్పుడు మహబూబ్ భాయి మా గడపలో కూర్చుని అన్నాడు:

"గామె యాడికి పోతది? సెట్టు నడపాలె కదా."

"ఆడిది చెట్టెక్కుతదా భాయి?"

"గొర్లోళ్ళ బిడ్డ. మండలు కొట్టనీకి నీకన్న ముందే చెట్టెక్కింది. నువ్వు ఎక్కి సూపియ్యి జర."

బావ ఎక్కలేదు. నేను ఎక్కాను.

అప్పటి నుంచి మహబూబ్ భాయి నాకు ఉస్తాద్. చాలాకాలం నన్ను మిషన్ ముట్టనివ్వలేదు. హారన్ కట్టించి, పాట మొదలుపెట్టి, "నడువ్" అనేవాడు. నేను పాట వింటూ ఊరి చివరి ఇంటిదాకా నడవాలి. ఎక్కడ తేటగా ఉంది, ఎక్కడ గాలికి కొట్టుకుపోతోంది, ఏ గోడకు తగిలి తిరిగి వస్తోంది, వచ్చి చెప్పాలి. ఊరి చివర ఎప్పుడూ ఎవరో ఒక ముసలమ్మ పెండ్లికి రాలేక మంచంలో ఉంటుంది. "అవ్వా, ఇనబడుతుందా?" అని అడగాలి. ఆమె అవునంటేనే పని అయినట్టు.

"మిషిన్ పక్కకు నిలవడి వినేది ఎవడన్న వింటడు బేటీ. దూరంగ ఉన్నామెకు పాట పోవాలె, దగ్గరున్నాయనకు మాట వినబడాలె. గంతే మన పని."

తప్పు చేస్తే కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ పూట నాకు చాయ్ ఇచ్చేవాడు కాదు. నా ముందే తను తాగేవాడు, చప్పుడు చేసుకుంటూ. ఆ చాయ్‌ల కోసమే నేను పని నేర్చుకున్నాను అనుకోండి.

మైకు పట్టుకున్నవాళ్ళ సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. మర్పల్లిలో ఒక లీడరు మీటింగు పెట్టాడు. మైకును జొన్నకంకి తిన్నట్టు నోట్లోకి పెట్టుకుని మాట్లాడుతున్నాడు. అది కూ అని ఈల వేసింది. ఆయన నా దిక్కు తిరిగి అందరి ముందు, "ఎవరమ్మా ఈ ఆడామెను పెట్టింది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. దగ్గరికి పోయి, "సార్, గది తినేది గాదు. జర దూరం పట్టుండ్రి" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది. మర్పల్లి అంతా విన్నది. అప్పటి నుంచి ఆ లీడరు మనుషులు నన్ను పిలవలేదు. మర్పల్లి జనం మాత్రం ప్రతి పెండ్లికీ పిలిచారు.

మాటలు లేని ప్లేటు ఎందుకు

హారన్లు కట్టాక టెస్టింగు చెయ్యాలి. ఏ పాట వెయ్యాలి? ఇది చిన్న సంగతి అనుకుంటారు. భక్తి పాట వేస్తే, పూజ మొదలుకాకముందే దేవుడిని పిలిచారని పెద్దవాళ్ళు అలుగుతారు. సినిమా పాట వేస్తే, అందులో ఎడబాటు ఉంటే శకునం బాగలేదంటారు. పెండ్లికొడుకు దిక్కువాళ్ళకు నచ్చే హీరో పాట వేస్తే పిల్ల దిక్కువాళ్ళు మూతి ముడుస్తారు. పైగా పాట వినపడగానే కార్యం మొదలైందనుకుని జనం వచ్చేస్తారు. ఇంకా పొయ్యి కూడా అంటించి ఉండరు.

అందుకే ఉస్తాద్ టెస్టింగుకు మాటలు లేని ప్లేటు పెట్టుకున్నాడు. పట్నంలో ఏదో క్లబ్బు మూసేస్తుంటే ఒక పెట్టెడు పాత ప్లేట్లు తెచ్చుకున్నాడట. అందులోది ఇది. మొదట చీపురుతో వాకిలి ఊడ్చినట్టు ఒక చప్పుడు. దాని మీద పియానో వానచినుకుల్లా పడుతుంది. తర్వాత ఒక వంకర పీపీ. అది సాక్సఫోన్ అని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. అది రావడం రావడమే "కొక్" అంటుంది. ఆగిపోతుంది. ఒక ఊపిరి తీసుకునేంతసేపు చీపురు ఒక్కటే ఊడుస్తూ ఉంటుంది. తర్వాత పీపీ మళ్ళీ వస్తుంది. ఈసారి మెల్లగా, తప్పిపోయిన పిల్ల ఇంటికి వచ్చి తలుపు పక్కన నిలబడినట్టు. ఇక అక్కడి నుంచి అది పాడుతుంది చూడండి, పసుపు దంచే ఆడవాళ్ళు రోకలి ఆపి వినేవాళ్ళు.

మా సెట్టు పోయిన ప్రతి ఊళ్ళోనూ అది కోడి ప్లేటు. వికారాబాద్ నుంచి అటు బార్డర్ దాకా. పిల్లలు ఒక ఆట కూడా కట్టుకున్నారు. హారన్ కింద గుండ్రంగా నిలబడతారు. "కొక్" రాగానే అందరూ "కో!" అని ఎగరాలి. తొందరపడి ముందే అరిచినవాడు కోడిపిల్ల. వాడి నెత్తిన అందరూ తలా ఒక మొట్టికాయ వేస్తారు. వాళ్ళు పెద్దయ్యారు, వాళ్ళ పెండ్లిళ్ళకూ మేమే సెట్టు పెట్టాం, పెండ్లికొడుకు బాసికం కట్టుకుని కూడా "కో!" అన్నాడు.

నాకు అది పనిముట్టు. కోడి గొంతు తేటగా పలికితే సెట్టు బాగున్నట్టు. గొంతు చీలితే ఆంప్లిఫయర్‌లో వాల్వు పోతున్నట్టు. మూటలో కట్టినట్టు వస్తే హారన్‌లో తేనెటీగలో పిచ్చుకలో చేరినట్టు. ఇన్నేళ్ళలో ఆ ప్లేటు నాకు అబద్ధం చెప్పలేదు.

దాన్ని వాయించింది ఎవరు? నాకు ఆ ఆలోచనే రాలేదు. ప్లేటు మీద పేరు ఉండి ఉంటుంది. పెండ్లిళ్ళలో ప్లేట్లు తారుమారు అవుతాయని మా దుకాణం ప్లేట్లన్నిటికీ నడుమ ఎర్ర రంగు పూసేవాళ్ళం. తలుపులకు వేసే ఎనామిల్ రంగు. అందరు సెట్టువాళ్ళూ ఏదో ఒక రంగు పూసేవాళ్ళు. పచ్చది వికారాబాద్ వాళ్ళది, ఎర్రది మాది. చదువు రాని నాకు అది మరీ సులువు. రంగు కింద పేర్లు ఉన్న మనుషులు ఉంటారని ఎవరం అనుకోలేదు.

షాహీన్

ప్లేట్లు పోయి క్యాసెట్లు వచ్చాయి. అవి పోయి చిప్పులు వచ్చాయి. డీజే వచ్చాక పెండ్లిలో పాట గుండెకు తగులుతోంది, చెవికి తగలడం లేదు. స్వప్న ఇది రాస్తూ మూతి ముడుస్తోంది. ముడవనివ్వండి. ఉస్తాద్ పోయాక దుకాణం నేనే నడిపాను. నా మోకాళ్ళు కూడా పోయాయి. దుకాణం మూసేసి ఒక హారన్, ఒక ఆంప్లిఫయర్, ప్లేట్లు తిప్పే పాత మిషన్, కోడి ప్లేటు ఇంట్లో పెట్టుకున్నాను.

పోయిన ఏడు ఎండలు ముదరకముందు ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. భుజాన సంచి, చెవుల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్ మెడలో. పేరు షాహీన్. పట్నం పిల్ల. ఆమె వెనక మా వీధి బిచ్చప్ప. పగలు నాపరాళ్ళ పాలిషింగులో పని, పెండ్లిళ్ళ సీజన్‌లో బ్యాండులో క్లారినెట్టు.

"సాయమ్మక్కా, గీ పిల్ల నన్ను బరాత్ నడుమల ఆపేసింది. పెండ్లికొడుకు గుర్రం మీద అట్లనే ఉండె. గీ పాట యాడ నేర్సినవ్ అని ఒకటే అడుగుడు. నీ దగ్గరికే పట్టుకొచ్చిన."

"ఏం పాట?"

"గదే అక్కా. కోడి."

బ్యాండువాళ్ళు చిన్నప్పుడు హారన్ల కింద నిలబడి ఆ పాట నేర్చుకున్నారు. బిచ్చప్ప "కొక్" కూడా వదలకుండా వాయిస్తాడు. అక్కడ ఆగుతాడు కూడా. అందరూ అంతే.

షాహీన్ చాప మీద కూర్చుని చెప్పింది. వెనకటికి పట్నంలో పెద్ద హోటళ్ళలో, క్లబ్బుల్లో డ్యాన్సుల కోసం బ్యాండులు ఉండేవట. వాళ్ళు వాయించేదాన్ని జాజ్ అంటారట. సినిమా పాట పాడినవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు కానీ ఈ వాయించినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవట. వాళ్ళ ప్లేట్లు కబాడీలో పోయాయి, పగిలాయి. దొరికినవి దొరికినట్టు వెతికి, ఎవరు ఏది వాయించారో రాసి పెట్టడం ఈ పిల్ల పని.

"ఒక హోటల్ బ్యాండు బొంబాయి పోయి ఒకటే ఒక్క రికార్డు చేసిందమ్మా. ఎవరి దగ్గరా లేదు. ఆ బ్యాండులో ఒక్కరే బతికి ఉన్నారు. ఆల్బర్ట్ సార్. సికింద్రాబాద్‌లో ఉంటారు. ఆయన ఆ పాట నాకు నోటితో పాడి వినిపించిన్రు. నిన్న బరాత్‌లో అదే విన్న."

నేను ప్లేటు తీసి మిషన్ మీద పెట్టాను, సన్నగా. చీపురు ఊడ్చింది. పియానో పడింది. "కొక్" అనగానే షాహీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆయనే అమ్మా. అది ఆయనే."

"కోడా?"

ఆ పిల్ల కండ్లలో నీళ్ళు, నోట్లో నవ్వు. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆల్బర్ట్ సార్‌కు అప్పుడు మీసాలు కూడా సరిగా లేవు. మొట్టమొదటి రికార్డు. భయంతో ఒక తాళం ముందే అందుకున్నాడు. పీపీ కీచుమంది. ఆగిపోయాడు, మళ్ళీ అందుకున్నాడు. ఇంకోసారి తీద్దామంటే కంపెనీవాళ్ళు టైం అయిపోయిందన్నారు. ఆ తప్పుతోనే ప్లేటు అచ్చయింది. బ్యాండు పెద్ద అందరి ముందు, "నువ్వు మా అందరి పరువు తీసి ప్లేటు మీద చెక్కించినవ్" అన్నాడట. ఆయన బ్యాండు వదిలేశాడు, సాక్సఫోన్ అమ్మేశాడు, ఎక్కడో గుమాస్తాగా చేరాడు. మళ్ళీ వాయించలేదు. ప్లేటు ఇంట్లోకి రానివ్వలేదు. కట్టుకున్న భార్య కూడా ఆయన వాయించింది వినకుండానే పోయింది.

"అందరి పేర్లు చెప్పిన్రమ్మా. పియానో ఎవరు, డ్రమ్స్ ఎవరు, అన్నీ. తన పేరు మాత్రం రాయొద్దంటరు. సాక్సఫోన్ ఎవరో తెలియదని రాయమంటరు. నేను అట్ల ఎట్ల రాస్త? ఆయన ఒక్కసారి వింటే ఒప్పుకుంటరేమో. ఫోన్‌లో రికార్డు చేసుకుపోత."

"ఫోన్ల వినిపియ్యకు బిడ్డా. గా డబ్బాల కోడి సచ్చిపోతది. సారును తోలుకరా."

"రారు అమ్మా."

"ప్లేటు వినుడుకు అనకు. సాయమ్మ జొన్నరొట్టెకు పిలిచింది అను."

సారు వచ్చినరోజు

వచ్చాడు. తాండూరు స్టేషన్‌లో షాహీన్ చెయ్యి పట్టుకుని దిగాడు. సన్నటి మనిషి, ఎండలో కూడా కోటు, నున్నగా దువ్విన తెల్ల జుట్టు. మా అరుగు మీద చెప్పులు కాదు, బూట్లు విప్పి వరసగా పెట్టాడు. రొట్టె, పుంటికూర పప్పు తిన్నాడు. రొట్టె చాలా బాగుందని రెండుసార్లు చెప్పాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మోకాళ్ళ మీద పెట్టుకుని అన్నాడు:

"అమ్మా, ఈ పిల్ల నన్ను ఎందుకు తెచ్చిందో నాకు తెలుసు. మీరు ఏమీ అనుకోవద్దు. నేను వినను."

షాహీన్ ముఖం వాడిపోయింది. నేను బలవంతం చెయ్యలేదు. ముసలి మనిషి వద్దంటే వద్దు. కానీ ఆయన అన్న తీరు నాకు నచ్చలేదు. ప్లేటు నా ఇంట్లో ఇన్నేళ్ళు అన్నం పెట్టింది. దాన్ని ఆయన శవాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

"వినకుండ్రి సార్. లోపల పండుకోండ్రి. నాకు మిషిన్ టెస్టింగు చేసుకునేది ఉంది. స్వప్న బండికి పాత హారన్ కావాల్నంట."

స్వప్న నా ముఖం చూసింది. తనకు హారన్ అక్కరలేదు. అయినా నోరు మూసుకుని మిద్దె ఎక్కి, పిట్టగోడకు హారన్ కట్టింది. మూతి బజారు దిక్కు. నేను కింద నుంచి "ఎడమకు తిప్పు!" అని అరిచాను. నా గొంతు విని సారు ఉలిక్కిపడ్డాడు. ప్లేటు అరిగిపోయి ఉంది. సరిగ్గా కోడి రాకముందు ఒక గీత. ముల్లు ఒకోసారి ఆ గీత దాటలేక వెనక్కి జారుతుంది. అప్పుడు పాట అక్కడక్కడే తిరుగుతుంది. ముల్లు పట్టుకునే చేయి మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టాను, బరువుకు. షాహీన్ గోడకు ఆనుకుని నిలబడింది. సారు లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

చీపురు మొదలైంది, ఈసారి వీధి పొడుగునా.

మొదట ఎదురింటి రత్నమ్మ బియ్యం చెరిగే చాటతో సహా బయటికి వచ్చింది. "అమ్మో, కోడి ప్లేటు! ఎవరి పెండ్లే సాయమ్మా? చెప్పనే లేదు!"

పాలిషింగు షెడ్డులో మిషన్లు ఆగాయి. రాతిపొడితో తెల్లగా ఉన్న మనుషులు, బిచ్చప్పతో సహా, వచ్చి నిలబడ్డారు. పాలు అమ్మేవాడు సైకిల్ దిగాడు. అంతా నడివయసు దాటినవాళ్ళే. ఎవరూ చెప్పకుండానే హారన్ కింద గుండ్రంగా చేరారు, చిన్నప్పటిలా. స్వప్న వయసు పిల్లలు వీళ్ళకేమైందని చూస్తున్నారు.

"ఆగుండ్రి, ఆగుండ్రి, ఎవరు తొందరపడొద్దు" అన్నాడు బిచ్చప్ప.

"ఎప్పుడు కోడిపిల్లవయ్యేటోనివి నువ్వే" అంది రత్నమ్మ.

గీత వచ్చింది. ముల్లు తడబడింది. నేను నా రూపాయి బిళ్ళనే చూస్తున్నాను. దాటింది.

కొక్.

"కో!" అని వీధంతా ఎగిరింది. రత్నమ్మ చాటలో బియ్యం సగం నేలపాలు. నవ్వులే నవ్వులు. తలుపు తెరుచుకుంది. సారు గడపలో నిలబడి ఉన్నాడు.

"వాళ్ళు... దేనికి నవ్వుతున్నరు?"

ఆయన ఇన్నేళ్ళు ఏ నవ్వు నుంచి దాక్కున్నాడో ఆ నవ్వునే మా వీధిలోకి తెచ్చి ఆయన ముందు పెట్టానే అనుకున్నాను. షాహీన్ ఏదో చెప్పబోయింది. రత్నమ్మకు ఇవేమీ తెలియవు. ఆమె చాట చంకలో పెట్టుకుని సారుకు వివరంగా చెప్పింది:

"నవ్వరా మరి? గదే కద సార్ పాటంటె! గా కోడి కూసినంకనే మా కాడ పెండ్లి షురూ. నా పెండ్లికి గిదే, మా చెల్లె పెండ్లికి గిదే. గా కోడి ఎనక జర ఆగి, మల్ల మెల్లగ వస్తది సూడుండ్రి, గప్పుడు మా అమ్మ ఏడుస్తుండె. ఎందుకో తెల్వది. ఇప్పుడు వస్తుంది, వినుండ్రి."

అప్పటికి పీపీ మళ్ళీ వచ్చింది. మెల్లగా, తలుపు పక్కన నిలబడ్డట్టు. వీధి చప్పుడు చెయ్యలేదు. సారు గడప దిగి వచ్చి, హారన్ దిక్కు తలెత్తి నిలబడి చివరిదాకా విన్నాడు. ఆయన వేళ్ళు కోటు గుండీలను పీపీ మీటల్లా నొక్కుతున్నాయి.

ప్లేటు అయిపోయింది. బిచ్చప్ప దగ్గరికి వచ్చి, వాయించింది ఈయనేనని అర్థమై, పొడి అంటిన చేతులతోనే దండం పెట్టాడు. "నేను గా కొక్కు మంచిగ వచ్చెటందుకు ఒక ఏడాది కష్టపడ్డ సార్. క్లారినెట్టుల రాదది. ఎట్ల తీసిన్రు?"

"భయంతో తీసిన నాయనా" అన్నాడు సారు.

తర్వాత నా దిక్కు తిరిగాడు. "ఇంకొక్కసారి పెడతారా అమ్మా?"

రూపాయి బిళ్ళ సర్ది మళ్ళీ పెట్టాను. జనం మళ్ళీ గుండ్రంగా చేరారు. ఈసారి సారు కూడా వాళ్ళ నడుమ నిలబడ్డాడు, బూట్లు లేని కాళ్ళతో. చీపురు ఊడ్చింది. పియానో పడింది. అందరూ నోళ్ళు సగం తెరిచి కాచుకుని ఉన్నారు.

"కో!"

సారు ఒక్కడే. కోడి ఇంకా రానే లేదు. ఆయన అరిచాక వచ్చింది, కొక్ అని.

ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు వీధి నిశ్శబ్దం. తర్వాత రత్నమ్మ, "కోడిపిల్ల! సారు కోడిపిల్ల!" అని కేక వేసింది. అందరూ మొట్టికాయకు చెయ్యి ఎత్తారు కానీ పెద్దమనిషి కదా, ఎవరికీ ధైర్యం రాలేదు. సారే తల వంచి ముందుకు పెట్టాడు. బిచ్చప్ప మెల్లగా ఒకటి వేశాడు. రత్నమ్మ కొంచెం గట్టిగానే వేసింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"ఇప్పుడు కూడా ముందే వచ్చిన" అన్నాడు కండ్లు తుడుచుకుంటూ. "గా రోజు కూడా ఇంతే."

నేను ప్లేటు తీసి, జడపిన్నుతో నడుమ ఎర్ర రంగు గీకబోయాను, పేరు చూద్దామని. సారు నా చెయ్యి ఆపాడు. "ఉండనియ్యండి అమ్మా. మీ ప్లేటు మీ రంగుతోనే ఉండనియ్యండి."

షాహీన్‌కు అడగాలని ఉంది, భయపడుతోంది. ఆయనే ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రాసుకో బేటీ. సాక్సఫోన్, ఆల్బర్ట్" అన్నాడు. ఆ పిల్ల రాస్తుంటే వేలితో కాగితం మీద తట్టాడు. "కోడి కూడా ఆల్బర్టే అని రాయి."